214 కోట్ల 74 లక్షల 83 వేల 647 మీద వచ్చిన ఉత్తరాలు

పోయిన నెల శీర్షికలో 2147483647 అనే సంఖ్యను ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేశాను. కంప్యూటర్‌లో మామూలు పూర్ణాంకం ఇంతకు మించి పెరగదని మాత్రమే రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య ఏ విషయం మీదా రాలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ఒక్క సంఖ్యకే ఇస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా ఊరి పాల సంఘం లెక్కలకు మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒక ప్రోగ్రామ్ రాసిచ్చాడు. పైసల దగ్గర తేడా రాకూడదని డబ్బంతా పైసల్లోనే దాచేలా రాశాడట. మొదలుపెట్టిన రోజు నుంచి రైతులకు ఎంత చెల్లించామో ఆ మొత్తం కింద కనిపిస్తూ ఉంటుంది. ఈ మధ్య ఒక సాయంత్రం చూస్తే అది మైనస్ 2,14,69,357 రూపాయల 46 పైసలు అని చూపించింది. సభ్యులు రెండు రోజులు నన్ను నిలదీశారు. ఆ టెన్షన్‌లో నిద్ర కూడా పట్టలేదు. మీరు రాసిన సంఖ్యకూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?
– ఒక పాల సంఘం కార్యదర్శి, కృష్ణా జిల్లా

జవాబు: ఉందండీ, నూటికి నూరు పాళ్ళూ ఉంది. మీ డబ్బు ఎక్కడికీ పోలేదు, ముందు నిశ్చింతగా ఉండండి.

కంప్యూటర్ ఒక మామూలు పూర్ణాంకానికి 32 గళ్ళు కేటాయిస్తుంది. ప్రతి గడిలో 0 గానీ 1 గానీ పడుతుంది. అందులో ఒక గడి ఆ సంఖ్య ప్లస్సా మైనస్సా చెప్పడానికి పోతుంది, మిగిలేవి 31. ఆ 31 గళ్ళలోనూ 1 నిండితే వచ్చే సంఖ్యే 2147483647, అంటే 2 పవర్ 31 లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది. పాత స్కూటర్ మీటరు 99999 దాటాక 00000 కి తిరిగినట్టు ఇది కూడా తిరుగుతుంది. కాకపోతే సున్నాకి రాదు, ఒక్కసారిగా మైనస్ 2147483648 కి పడిపోయి అక్కడి నుంచి మళ్ళీ పైకి లెక్క పెట్టుకుంటూ వస్తుంది.

మీరు పైసల్లో దాచారు కాబట్టి మీ హద్దు 2,14,74,836 రూపాయల 47 పైసలు. దాన్ని దాటారు, మీటరు తిరిగింది. అసలు మొత్తం కావాలంటే తెర మీద కనిపించే దానికి 4,29,49,672 రూపాయల 96 పైసలు కలపండి. అది 2 పవర్ 32 పైసలు, అంటే మీటరు ఒక పూర్తి చుట్టు. నేను కలిపి చూశాను. మీ అసలు మొత్తం 2,14,80,315 రూపాయల 50 పైసలు. మీ చేతి రాత పుస్తకంతో సరిచూసుకోండి, పైసతో సహా సరిపోవాలి. మేనల్లుడితో చెప్పి ఆ మొత్తాన్ని 64 గళ్ళ పూర్ణాంకంగా మార్పించండి, ఇక మీ మనవల కాలానికి కూడా హద్దు తగలదు. అతన్ని కోప్పడకండి. పైసల్లో దాచాలన్న అతని ఆలోచన చాలా మంచిది, గళ్ళ సంగతి ఒక్కటే తట్టలేదు. 2014 డిసెంబరులో యూట్యూబ్ వాళ్ళకే ఇలాంటిది ఎదురైంది. ఒక దక్షిణ కొరియా పాటను జనం చూసిన లెక్క ఈ హద్దు దగ్గరకు వచ్చేసరికి వాళ్ళు కూడా 64 గళ్ళకు మారాల్సి వచ్చింది.

ప్రశ్న: నేను బీఎస్సీ గణితం రెండో ఏడు చదువుతున్నాను సార్. మీ శీర్షిక చదివాక ఈ సంఖ్య గురించి వెతికితే పెద్ద జాబితా దొరికింది. బేసి, ప్రధాన సంఖ్య, డెఫిషియెంట్, ఆడియస్, అన్‌హ్యాపీ, మెర్సెన్ ప్రధాన సంఖ్య, అంకెల మొత్తం 46, హర్షద్ కాదు, కవల ప్రధానం కాదు, రెండు వర్గాల మొత్తం కాదు... ఇలా ముప్పై దాకా ఉన్నాయి. ఇన్ని ఎందుకు సార్? ఇందులో ఏది నేర్చుకోవాలి, ఏది వదిలేయాలి?
– ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. ఆ జాబితాలు చూసినప్పుడల్లా నాకు అనిపించేది ఒకటుంది. అన్నీ ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి, అన్నిటికీ ఒకే విలువ ఉన్నట్టు. నిజానికి వాటిలో రెండు జాతులున్నాయి. కొన్ని ఆ సంఖ్యకు చెందిన గుణాలు, కొన్ని మనం దాన్ని రాసే పద్ధతికి చెందినవి. ఈ తేడా పట్టుకుంటే జాబితా ఎంత పొడుగున్నా భయం ఉండదు.

మనకు పది వేళ్ళున్నాయి కాబట్టి పదుల్లో రాస్తున్నాం. పన్నెండు వేళ్ళుండి పన్నెండుల్లో రాసేవాళ్ళమైతే 2147483647 వేరే అంకెలతో కనిపించేది, అంకెల మొత్తం 46 అయ్యేది కాదు. హ్యాపీ నంబర్ అంటే అంకెల వర్గాలు కూడుతూ పోతే చివరికి 1 రావాలి. దీనికి కూడితే 260 వస్తుంది, తర్వాత 40, తర్వాత 16, తర్వాత 37, ఆ తర్వాత ఒక చక్రంలో పడి తిరుగుతూనే ఉంటుంది, 1 కి రాదు, అందుకని అన్‌హ్యాపీ. ఇది కూడా పదుల్లో రాశాం కాబట్టి వచ్చిన సంగతే. ఆడియస్ అంటే రెండుల్లో రాస్తే 1 లు బేసి సంఖ్యలో ఉండాలి. దీనికి 31 ఉన్నాయి, కాబట్టి అయింది. ఇది రెండుల పద్ధతికి చెందింది. ఇవన్నీ సరదా లెక్కలే, తప్పేం లేదు. మహారాష్ట్రలో దేవ్లాలీ బడిపంతులు కాప్రేకర్ జీవితమంతా ఇలాంటి అంకెల ఆటలతోనే గడిపి ఎన్నో అందమైన విషయాలు కనిపెట్టాడు. తన అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగించబడే సంఖ్యకు హర్షద్ అనే పేరు పెట్టింది ఆయనే. మన సంఖ్య ప్రధానం కాబట్టి 46 తో పోదు, హర్షద్ కాదు, అంతే.

ఇక రెండో జాతి. ప్రధాన సంఖ్య అన్నది పదుల్లో రాసినా రెండుల్లో రాసినా, గులకరాళ్ళు పోసి చూపించినా మారదు. ఇన్ని రాళ్ళను ఒక్క వరసలో తప్ప సమానమైన వరసల్లో పేర్చలేం. డెఫిషియెంట్ అన్నది దాన్నుంచి ఊరికే వచ్చేస్తుంది. తనను మినహాయించి మిగతా కారణాంకాల మొత్తం తనకన్నా తక్కువ కావాలి, ప్రధాన సంఖ్యకు అలాంటి కారణాంకం 1 ఒక్కటే, కాబట్టి ప్రతి ప్రధాన సంఖ్యా డెఫిషియెంటే, దాన్ని వేరే గుణంగా రాయనక్కరలేదు. కవల ప్రధానం అంటే రెండు తేడాలో మరో ప్రధానం తోడుండాలి, ఇది అలాంటిది కాదన్నది కూడా క్షణంలో తేలుతుంది. రెండు తగ్గిస్తే 2147483645, చివర 5 ఉంది. రెండు కలిపితే 2147483649, అంకెల మొత్తం 48, 3 తో పోతుంది. రెండు పక్కలా తోడు లేదు.

నాకు బాగా నచ్చేది వర్గాల సంగతి. ఏ పూర్ణాంకం వర్గాన్నైనా 8 తో భాగించు, శేషం 0 గానీ 1 గానీ 4 గానీ వస్తుంది, మరొకటి రాదు. మన సంఖ్యకు శేషం 7. 0, 1, 4 ల్లోంచి మూడింటిని ఎలా కూడినా 8 తో భాగించినప్పుడు 7 మిగలదు, ప్రయత్నించి చూడు. కాబట్టి ఇది రెండు వర్గాల మొత్తమే కాదు, మూడు వర్గాల మొత్తం కూడా కాదు. నాలుగు వర్గాలైతే మాత్రం కచ్చితంగా చాలు, ఎందుకంటే ప్రతి పూర్ణాంకానికీ నాలుగు చాలునని లగ్రాంజ్ అనే గణితజ్ఞుడు 1770లో నిరూపించాడు. అంటే నాలుగూ అవసరమయ్యే సంఖ్యల్లో ఇదొకటి. మూడు పంక్తుల్లో పూర్తి నిరూపణ అయిపోయింది చూడు, పది అంకెల సంఖ్య గురించి!

జాబితాలో ఒక్కటే నేర్చుకోవాల్సి వస్తే మెర్సెన్ అన్నది పట్టుకో. ఇంత పెద్ద సంఖ్యల దగ్గర సగటున ఇరవై ఒక్క సంఖ్యలకు ఒకటి ప్రధానం, కాబట్టి ప్రధానం కావడం అంత అరుదేం కాదు. కానీ 2 పవర్ ఏదో, అందులోంచి ఒకటి తక్కువ, అలా ఉండి కూడా ప్రధానం కావడం చాలా అరుదు. 3, 7, 31, 127, 8191, 131071, 524287, ఆ తర్వాత ఎనిమిదోది ఇదే. ఇప్పటిదాకా మొత్తం లోకానికి తెలిసినవి 52 మాత్రమే. చివరిది 2024 అక్టోబరులో బయటపడింది, 2 పవర్ 136279841 లోంచి ఒకటి తక్కువ. దాన్ని రాయాలంటే నాలుగు కోట్ల పది లక్షలకు పైగా అంకెలు కావాలి.

ఇంకోటి కూడా ఉంది. ఇలాంటి ప్రతి ప్రధానం వెంటా ఒక పరిపూర్ణ సంఖ్య ఉంటుంది. అంటే తనను మినహాయించి మిగతా కారణాంకాలన్నీ కూడితే సరిగ్గా తానే వచ్చే సంఖ్య, 6 లాగా, 28 లాగా. యూక్లిడ్ చెప్పిన సూత్రం అది. మన సంఖ్యను 2 పవర్ 30 తో గుణిస్తే 2305843008139952128, ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య. ఇంగ్లండులో పీటర్ బార్లో అనే గణితజ్ఞుడు 1811లో ఒక పుస్తకం రాస్తూ, ఇంతకన్నా పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎప్పటికీ ఎవరూ కనిపెట్టరు, ఎందుకంటే ఇవి వింతగా ఉంటాయే తప్ప ఉపయోగం లేనివి కాబట్టి ఎవరూ ఆ ప్రయత్నం చెయ్యరు అన్నాడు. ఆయన అన్న ఆ రెండు మాటలూ నిలబడలేదు.

ప్రశ్న: పది అంకెల సంఖ్య ప్రధానమని కంప్యూటర్ లేని రోజుల్లో ఎవరు, ఎలా తేల్చారు? నేను బ్యాంకులో ముప్పై ఏళ్ళు లెడ్జర్లు కూడినవాణ్ణి. అయినా ఇంత పెద్ద సంఖ్యను ఒక్కొక్క దానితో భాగించి చూడటం మనిషివల్ల అవుతుందని నాకనిపించదు.
– ఒక విశ్రాంత ఉద్యోగి, తెనాలి

జవాబు: ఒక్కొక్క దానితో భాగిస్తే మీరన్నట్టు ప్రాణం పోతుందండీ. దీన్ని తేల్చిన గణితజ్ఞుడు ఆయిలర్ అలా చేయలేదు. 1772లో, రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉండగా, బెర్నూలీకి రాసిన ఉత్తరంలో ఈ సంఖ్య ప్రధానమని తేల్చి చెప్పాడు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది, చూపు దాదాపు పూర్తిగా పోయింది. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఈ సంగతి చెబుతుంటే ఎప్పుడూ గొంతు కొంచెం పట్టేసేది, ఇప్పుడు రాస్తున్నా అంతే.

ఆయన దారి ఏమిటో వివరంగా చెబుతాను, మీరు లెడ్జర్ మనిషి కాబట్టి మీకు నచ్చుతుంది.

మొదట అందరికీ తెలిసింది. ఒక సంఖ్యకు కారణాంకం ఉంటే దాని వర్గమూలం లోపే ఒకటి దొరకాలి. మన సంఖ్య వర్గమూలం 46340 చిల్లర. అంతలోపు ప్రధాన సంఖ్యలు దాదాపు 4,800 ఉన్నాయి. పది అంకెల సంఖ్యను 4,800 సార్లు భాగించడం అంటే నెలల పని.

ఇప్పుడు జల్లెడ పట్టడం మొదలవుతుంది. q అనే ప్రధాన సంఖ్య మన సంఖ్యను భాగిస్తుందనుకోండి. అంటే 2 పవర్ 31 ని q తో భాగిస్తే శేషం 1 అన్నమాట. ఫెర్మా చెప్పిన సూత్రం ప్రకారం 2 పవర్ (q–1) ని q తో భాగించినా శేషం 1. రెండు చోట్లా శేషం 1 వచ్చింది. ఇలా 1 వచ్చే ఘాతాల్లో అన్నిటికన్నా చిన్నది మిగతా అన్నిటినీ భాగించి తీరాలి. అది 31 ని భాగించాలి, 31 ప్రధానం, కాబట్టి అది 1 గానీ 31 గానీ కావాలి. 1 అయితే 2 ని q తో భాగించినప్పుడు శేషం 1 రావాలి, అది కుదరదు. కాబట్టి అది 31. అంటే q–1 అన్నది 31 తో నిశ్శేషంగా పోవాలి. q బేసి కాబట్టి q–1 సరి సంఖ్య, అంటే 62 తో పోవాలి. చూశారా, ఏ భాగహారమూ చేయకుండానే, 62 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేవి తప్ప మిగతావన్నీ పక్కకు పోయాయి.

రెండో జల్లెడ ఇంకా అందంగా ఉంటుంది. 2 పవర్ 31 శేషం 1 అయితే, మరో రెండుతో గుణిస్తే 2 పవర్ 32 శేషం 2. కానీ 2 పవర్ 32 అంటే 2 పవర్ 16 కి వర్గం. అంటే q తో భాగించగా మిగిలే శేషాలు మాత్రమే చూసే లెక్కలో, q ప్రపంచం అందాం, 2 కూడా ఒక వర్గమే. 2 వర్గం కావాలంటే q ని 8 తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. ఈ రెండు జల్లెడలూ కలిపితే q ని 248 తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ ఉండాలి. మధ్యలో ఇంకేదీ పనికిరాదు.

46340 లోపు అలాంటి సంఖ్యలు 373 మాత్రమే. అందులో మూడు, అయిదు, ఏడులతో పోయేవి తీసేయగా, మిగతా సంయుక్త సంఖ్యలు కూడా తీసేస్తే, వందలోపే మిగులుతాయి. 4,800 భాగహారాలు వందలోపుకు వచ్చాయి! ఇది మనిషివల్ల అయ్యే పనే, ఓపికున్న మనిషికి కొద్ది రోజుల పని.

మొదటిది నేనే చేసి చూపిస్తాను. 63 సంయుక్తం, 249 అంటే 3 × 83, రెండూ పోయాయి. ఆ తర్వాత 311, ఇది ప్రధానం. 2147483647 ని 311 తో భాగిస్తే భాగఫలం 6905092, శేషం 35. కుదరలేదు. పెద్ద భాగహారం ఇష్టం లేకపోతే అడ్డదారి ఉంది. 2 పవర్ 8 అంటే 256, 311 కన్నా 55 తక్కువ, కాబట్టి మైనస్ 55 అనుకోండి. దాన్ని వర్గం చేస్తే 3025, 311 తో భాగిస్తే శేషం 226, అంటే మైనస్ 85. ఇది 2 పవర్ 16. మైనస్ 85 ని మైనస్ 55 తో గుణిస్తే 4675, శేషం 10. ఇది 2 పవర్ 24. దాన్ని 2 పవర్ 7 తో, అంటే 128 తో గుణిస్తే 1280, శేషం 36. ఒకటి తీసేస్తే 35. అదే వచ్చింది! కాగితం మీద నాలుగు పంక్తులు. ఆ తర్వాత దొరికే ప్రధాన సంఖ్యలు 1303, 1489. వాటికి శేషాలు 226, 199. ఇలా చివరి దాకా వెళ్ళినా ఎక్కడా సున్నా రాదు.

ఆయిలర్‌కు ముందు, 1644లో, ఫ్రాన్స్‌లో మెర్సెన్ అనే సన్యాసి ఏయే ఘాతాలకు ఇలా ప్రధానాలు వస్తాయో ఒక జాబితా రాశాడు. 31 దగ్గర ఆయన చెప్పింది సరైంది. 67 దగ్గర, 257 దగ్గర తప్పాడు, 61, 89, 107 లను వదిలేశాడు. అయినా ఆయన పేరే నిలిచింది, నాకు అందులో అన్యాయం కనిపించదు, ఎందుకంటే తర్వాత మూడు వందల ఏళ్ళు అందరూ ఆ జాబితాను సరిచూడటానికే కష్టపడ్డారు.

ప్రశ్న: ఈ సంఖ్య అంకెలన్నీ కూడితే 46, మళ్ళీ కూడితే 10, మళ్ళీ కూడితే 1. ఒకటి సూర్యుడి అంకె, చాలా శుభమని మా ఇంటికి వచ్చే ఒకాయన అంటారు. మా అబ్బాయి కొత్త బండికి కూడా అంకెల మొత్తం 1 వచ్చే నంబరు కోసం అదనంగా డబ్బు కట్టమంటున్నారు. గణితం ఏమంటుంది?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, అంకెలు కూడుతూ చివరికి ఒక్క అంకెకు తేవడం అంటే ఆ సంఖ్యను 9 తో భాగించి శేషం చూడటమే, శేషం సున్నా అయితే 9 అంటాం. అంతకన్నా అందులో ఏమీ లేదు. 10 ని 9 తో భాగిస్తే శేషం 1, 100 కీ అంతే, 1000 కీ అంతే, అందుకే అంకెల మొత్తంలో ఆ శేషం దాగి ఉంటుంది. మన సంఖ్యకు శేషం 1. ప్రతి తొమ్మిది సంఖ్యల్లో ఒకటి అలాగే ఉంటుంది.

అయితే ఈ లెక్క పనికిరానిదని మాత్రం అనను. పెద్ద గుణకారం చేశాక సరిపోయిందో లేదో చూడటానికి తొమ్మిదులు తీసేసి చూసేవాళ్ళు మన పెద్దవాళ్ళు, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. శుభాశుభాల గురించి మాత్రం గణితానికి చెప్పడానికి ఏమీ లేదు. ఆ అదనపు డబ్బు పెట్టి అబ్బాయికి మంచి హెల్మెట్ కొనండి, ఒక తల్లిగా మీకు ధైర్యం ఇచ్చేది అదే.

ప్రశ్న: నేను తెలుగు పండితుణ్ణి. ఆయిలర్, మెర్సెన్ సరే. మన తెలుగులో ఇలాంటి పెద్ద సంఖ్యల ఊసు ఎక్కడైనా ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఉంది పండితులవారూ, అదీ మీ ఊరికి దగ్గరి వ్యవహారమే. నన్నయ్య కాలం వాడిగా చెప్పుకునే పావులూరి మల్లన, జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. చదరంగం అరవై నాలుగు గళ్ళలో మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, అలా రెట్టిస్తూ పోతే మొత్తం ఎంతో ఆయన పేరు మీద ఉన్న ఒక చంపకమాల చెబుతుంది. అంకెలు అంకెలుగా కాకుండా శర అంటే 5, శశి అంటే 1, వేద అంటే 4, అలా మాటలతో, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి. విప్పి తిరగేసి రాస్తే 18446744073709551615. ఇరవై అంకెల్లో ఒక్కటి కూడా తప్పు లేదు. ఇది 2 పవర్ 64 లోంచి ఒకటి తక్కువ.

మన సంఖ్య కూడా అదే బోర్డు మీద ఉంది. మొదటి 31 గళ్ళ గింజలన్నీ కలిపితే సరిగ్గా 2147483647. మల్లన పద్ధతిలో దాన్ని నేనిలా కూర్చుకున్నాను, ఛందస్సు చూడకండి, అంకెలు చూడండి: గిరి, వేద, ఋతు, అగ్ని, గజ, అబ్ధి, ముని, యుగ, చంద్ర, నేత్ర. 7, 4, 6, 3, 8, 4, 7, 4, 1, 2. కుడి నుంచి ఎడమకు చదువుకుంటే మన సంఖ్య. మీరు దీన్ని చక్కటి కందంలోకో ఆటవెలదిలోకో తెస్తే వచ్చే నెల వేస్తాను.

ఇంకో చిన్న ముచ్చట. చదరంగం మొత్తం సంఖ్య ప్రధానం కాదు. దాని కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఇందులో 641 ని, దాని జంట 6700417 ని బయటపెట్టింది ఆయిలరే. ఫెర్మా ప్రధానమని నమ్మిన 4294967297 ఈ రెండింటి లబ్ధం. మల్లన పద్యంలోని సంఖ్య లోపల కొన్ని వందల ఏళ్ళు ఈ రెండూ అలా దాగి ఉన్నాయన్నమాట, నాకు తలుచుకుంటేనే ఒళ్ళు పులకరిస్తుంది.

ప్రశ్న: 2038లో కంప్యూటర్ గడియారాలు ఆగిపోతాయని మా ఆఫీసులో అనుకుంటున్నారు. ఇదే సంఖ్య వల్లేనా సార్?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: ఇదే సంఖ్యే. చాలా పాత వ్యవస్థలు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను 32 గళ్ళలో లెక్క పెడతాయి. 2147483647వ సెకను మన భారత కాలం ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు వస్తుంది, మీ డల్లాస్‌లో ముందు రోజు రాత్రి 9 గంటల 14 నిమిషాల 7 సెకన్లు. మార్చని గడియారం తర్వాతి సెకనులో 1901 డిసెంబరుకు వెళ్ళిపోతుంది. ఆగిపోవడం కాదు, తప్పు తేదీ చూపిస్తుంది. 64 గళ్ళకు మార్చిన వాటికి ఏమీ కాదు. ఫోన్లు, కొత్త సర్వర్లు చాలావరకు మారాయి, గోడల్లోనూ యంత్రాల్లోనూ బిగించి మర్చిపోయిన చిన్న చిన్న పరికరాల గురించే చూసుకోవాలి.

ప్రశ్న: 31 గళ్ళు పెట్టుకున్నది ప్రధాన సంఖ్య వస్తుందనేనా?
– పేరు రాయని పాఠకుడు

జవాబు: కాదండీ, కాకతాళీయం. 8, 16, 32, 64 అని రెట్టిస్తూ పోయారు, గుర్తు గడి ఒకటి తీస్తే 7, 15, 31, 63 మిగిలాయి. 15 గళ్ళకు వచ్చేది 32767, అది 7 × 31 × 151. 63 గళ్ళకు వచ్చేది 127 తో పోతుంది. 7 కీ 31 కీ మాత్రమే అదృష్టం కలిసొచ్చింది. అయితే ఆ అదృష్టాన్ని తర్వాత వాడుకున్నారు. కంప్యూటర్‌తో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే ఒక ప్రసిద్ధ పద్ధతిలో, చేతిలో ఉన్న సంఖ్యను 16807 తో, అంటే 7 పవర్ 5 తో గుణించి, 2147483647 తో భాగించి శేషం తీసుకుంటారు. మళ్ళీ మళ్ళీ అలాగే. 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కోసారి వచ్చాకే మొదటిది తిరిగి వస్తుంది. భాగించే సంఖ్య ప్రధానం కాకపోతే ఇది జరగదు. వింతే తప్ప ఉపయోగం లేదన్న బార్లోగారి మాట ఇక్కడ కూడా గుర్తొస్తుంది.

ప్రశ్న: సార్, ఘాతం ప్రధాన సంఖ్య అయితే 2 పవర్ అది, మైనస్ 1, ఎప్పుడూ ప్రధానమేనా? 2, 3, 5, 7 లకు నేను చూశాను, అన్నిటికీ వచ్చింది.
– తొమ్మిదో తరగతి విద్యార్థి, వనపర్తి

జవాబు: శభాష్ బాబూ, నాలుగు చూసి అడిగావు, అయిదోది కూడా చూడు. 11 కి 2047 వస్తుంది, అది 23 × 89. పైన తెనాలి ఆయనకు చెప్పిన జల్లెడ ఇక్కడా పనిచేస్తుంది. 23 లోంచి ఒకటి తీస్తే 22, 89 లోంచి ఒకటి తీస్తే 88, రెండూ 11 తో పోతాయి. తిరగేసి చెబితే మాత్రం ఎప్పుడూ నిజం. ఘాతం సంయుక్తమైతే వచ్చేది కూడా సంయుక్తమే.

నీకొక పని పెడుతున్నాను. పైన ఆయిలర్ లెక్కలో 311, 1303, 1489 అయ్యాయి. ఆ వరసలో తర్వాతి ప్రధాన సంఖ్య 2543. మన సంఖ్యను దానితో భాగించి శేషం ఎంతో, 311 కి నేను చూపించిన అడ్డదారిలోనే చేసి, కాగితం మీద ప్రతి అంచె రాసి పంపు. క్యాలిక్యులేటర్ వాడకు.